కల్లు గుణములు – దానితోడి తిండి

జనగామ జిల్లా మెట్టనేలలలో చెరువుకట్టల వెంటా, పొలంగట్ల మీదా తాళ్ళు, ఈదులు వరుసలుగా కనబడతాయి. తూర్పుగా మహబూబాబాదు జిల్లాలోనికి పోయినకొద్దీ చెలకలు తగ్గి అడవి మొదలవుతుంది. గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాలు కోయలు నివసించే అటవీ ప్రాంతాలు. ఉత్తరాన భూపాలపల్లి దాటి గోదావరి ఒడ్డు వరకు ఇప్పచెట్లు, తునికిచెట్లు గల అడవి వ్యాపించి ఉన్నది. 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలుగా ఏర్పడిన ఈ మూడు ప్రాంతాలును చాలవరకు పాత వరంగల్లు జిల్లాలోనివే.

ఈ సీమలో ద్రాక్షతోటలు లేవు. అయినను చక్కెరను పులియబెట్టి పానీయం చేసే విద్య ఇక్కడ మిక్కిలి ప్రాచీనమైనది. ఐరోపా వారికి ద్రాక్షాసవం ఎట్టిదో ఇక్కడివారికి కల్లు అట్టిది. ప్రొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి ఎందుకు ఘాటెక్కుతుంది? మరునాటికి ఎందుకు పులిసిపోతుంది? దానితో శనగగుడాలు, మాంసపు వేపుళ్ళు ఎందుకు తింటారు? ఈ ప్రశ్నలన్నిటికిని రసాయన శాస్త్రంలో, జీవశాస్త్రంలో సమాధానాలు ఉన్నవి. కల్లులో జరిగే కల్తీని గుర్తించడానికి కూడా ఆ సమాధానాలే ఆధారం.

చెట్టులోని చక్కెర

పచ్చని ఆకు సూర్యరశ్మి సాయంతో తయారుచేసిన చక్కెర చెట్టులోని పోషక కణజాలం గుండా ప్రవహించి, పువ్వులకు, కాయలకు, వేళ్ళకు చేరుతుంది. తాడు ఏకదళబీజపు చెట్టు. మామిడి, వేపల వలె దాని కాండం ఏటేటా క్రొత్త పొరలు వేసి లావెక్కదు. కావున దానిలో చక్కెరను మోసే నాళాలు చెట్టు బ్రతికినంతకాలం సజీవంగా ఉండి పని చేయవలసిందే.

పూలగెల ఎదిగే సమయంలో ఆ నాళాలలో చక్కెర ప్రవాహం ఎక్కువగా ఉంటుంది. గీత కార్మికుడు ఆ గెలను కట్టి, కొద్దిరోజులు మెల్లగా ఒత్తి, తరువాత కొనను పలుచగా చెక్కుతాడు. కాయకు చేరవలసిన రసం కోతనుండి లొట్టిలోనికి కారుతుంది. గాయపడిన నాళాలను చెట్టు కొద్ది గంటలలో మూసివేసుకుంటుంది. అందుచేతనే దినానికి రెండు పూటలైనా చెట్టెక్కి క్రొత్తగా గీయవలసి ఉంటుంది. 'గీత' అనే పేరు ఈ పనిని బట్టి వచ్చినదే.

తాళ్ళలో మగచెట్లు, ఆడుచెట్లు వేరు వేరు. మగదానిని పోతుతాడు అంటారు. రెండింటిని గీయవచ్చును. ఈతచెట్టు సంగతి వేరు. అక్కడ గెలను గీయరు. మట్టల మొదళ్ళు ఒలిచి, మొవ్వు క్రింది కాండాన్నే చెక్కుతారు. ఒక ఏడు ఒక ప్రక్క, మరొకసారి ఎదుటి ప్రక్క గీయడంవలన ముదురు ఈతచెట్టు కాండం గాట్లతో మెలికలు తిరిగి ఉంటుంది. ఆ గాట్లను లెక్కించి ఆ చెట్టును ఎన్ని పర్యాయాలు గీశారో విద్యార్థులు సుమారుగా చెప్పగలరు.

అప్పుడే కారిన తాటిరసంలో నూటికి 10 నుండి 15 పాళ్ళ వరకు చక్కెర ఉంటుంది. అది చెరకులో ఉండే చక్కెరే. ఈ దశలో రసం పులుపూ కాదు, మత్తూ కాదు. పులియకుండా కాపాడిన ఈ రసమే నీరా.

లొట్టిలోని తోడు

పాలను పెరుగుగా మార్చడానికి నిన్నటి పెరుగు కొంచెం తోడు వేస్తారు. లొట్టిలో కూడా ఇట్టిదే జరుగుతుంది. రోజూ వాడే లొట్టి మట్టితో చేసినది. దాని సన్నని రంధ్రాలలో నిన్నటి కల్లుతాలూకు సూక్ష్మజీవులు నిలిచి ఉంటాయి. గాలిలోనివి, ఈగలూ తేనెటీగలూ తెచ్చినవి వాటికి తోడవుతాయి. తీపిరసం లొట్టిలో పడిన క్షణంనుండి అవి పని మొదలుపెడతాయి. కనుక చెట్టునుండి దించే సరికే కల్లు కొంత పులిసి ఉంటుంది.

లొట్టి లోపల సున్నం పూస్తే ఈ పని మందగిస్తుంది. సున్నం క్షారం. క్షారగుణం ఎక్కువైనచోట ఈ సూక్ష్మజీవులు వృద్ధి పొందలేవు. నీరా కోసం, తాటిబెల్లం కోసం రసం పట్టేవారు సున్నం పూయడానికి కారణం ఇదే. రసాన్ని వెంటనే బాగా చల్లబరచినా ఇట్టి ఫలితమే కలుగుతుంది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రారంభించబడిన నీరా కేంద్రం వంటివాటికి శీతలీకరణమే ప్రాణం.

మూడు దశలు

కల్లు పులియడంలో మూడు దశలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. మొదటి దశలో లాక్టిక్ ఆమ్లపు బాక్టీరియాలు ముందంజ వేస్తాయి. పెరుగును పులియజేసే జాతికి ఇవి దగ్గరి చుట్టాలు. వీటివలన రసం కొంచెం పులుపెక్కి, తెల్లగా మబ్బుగా మారుతుంది. వీటిలో కొన్ని చక్కెరనుండి జిగురుపదార్థాన్ని కూడా తయారుచేస్తాయి. కొన్ని రోజుల కల్లు తీగసాగడానికి అదే కారణం.

రెండవ దశ ఈస్టుది. ఈస్టు చక్కెరను ఇథైల్ ఆల్కహాలుగాను, కార్బన్ డయాక్సైడు, అనగా బొగ్గుపులుసు వాయువుగాను విడగొడుతుంది. కల్లుమీద నురుగు కట్టేది, నాలుకకు చురుక్కుమనిపించేది ఈ వాయువే. ఇదే పనిని జైమోమోనాస్ అనే ఒక బాక్టీరియా కూడా చేస్తుంది. మెక్సికో దేశంలో కిత్తనార జాతి మొక్క రసంతో చేసే పుల్కే అనే పానీయంలో దీనిని పాల్ లిండ్నర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1920లలో పరిశీలించాడు. వేల మైళ్ళ దూరంలోని రెండు పానీయాలలో ఒకే జీవి పని చేయడం గమనింపదగిన విషయం.

మూడవ దశలో ఎసిటిక్ ఆమ్లపు బాక్టీరియాలు ప్రవేశిస్తాయి. ఇవి గాలిలోని ఆక్సిజనును వాడుకొని ఆల్కహాలును సిర్కాగా మారుస్తాయి. అప్పుడు కల్లులో మత్తు తగ్గి పులుపు హెచ్చుతుంది. చివరకు అది త్రాగడానికి పనికిరాదు.

ఈ మార్పులకు జీవులే కారణమని స్థాపించినవాడు లూయీ పాశ్చర్. లాక్టిక్ కిణ్వనాన్ని గూర్చి 1857లోను, ఆల్కహాలు కిణ్వనాన్ని గూర్చి 1860లోను ఆయన పరిశోధనలు వెలువడినవి. ద్రాక్షాసవం ఎందుకు పాడవుతుందో వివరించే గ్రంథాన్ని 1866లో ప్రచురించాడు.

ఈ దశలు ఒకదాని వెనుక ఒకటి ఎంత త్వరగా నడుస్తాయన్నది వేడిని బట్టి ఉంటుంది. రాత్రి చల్లదనంలో లొట్టిలో నిండిన పొద్దటి కల్లు తియ్యగా ఉండి, ఎండలో నిండిన మాపటి కల్లు ఘాటుగా ఉండడం ఇందువల్లనే.

ఒక చిన్న లెక్క

ఉన్నత పాఠశాల విద్యార్థి ఈ లెక్క స్వయంగా చేయవచ్చును. 342 గ్రాముల చెరకు చక్కెర 18 గ్రాముల నీటితో కలిసి 360 గ్రాముల ద్రాక్షచక్కెర, పండుచక్కెరల మిశ్రమం అవుతుంది. అది పూర్తిగా పులిస్తే 184 గ్రాముల ఆల్కహాలు, 176 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తాయి. 100 మిల్లీలీటర్ల రసంలో 12 గ్రాముల చక్కెర ఉన్నదనుకొంటే, దానినుండి గరిష్ఠంగా వచ్చే ఆల్కహాలు సుమారు 6.5 గ్రాములు. ఆల్కహాలు నీటికంటె తేలిక కనుక ఘనపరిమాణంలో అది 8 మిల్లీలీటర్లకు కొంచెం ఎక్కువ.

అయితే చక్కెరలో కొంత ఆమ్లాలుగా, జిగురుగా పోతుంది. కొంత పులియకుండానే మిగులుతుంది. కనుక మామూలు కల్లులో ఆల్కహాలు నూటికి 4 నుండి 6 పాళ్ళ వరకు మాత్రమే ఉంటుంది. కేవలం చెట్టురసం పులియడంవల్ల అంతకు ఎన్నో రెట్ల మత్తు పుట్టడం సాధ్యం కాదు. ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని ఉన్నది.

ఇప్పసారా సంగతి దీనికి భిన్నమైనది. భూపాలపల్లి, మహబూబాబాదు అడవులలో మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవారుజామున రాలే ఇప్పపూలు కండగలవి. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. దానిని నానబెట్టి పులియబెట్టిన తరువాత మరగించి ఆవిరిని చల్లబరుస్తారు. ఆల్కహాలు 78 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగుతుంది కనుక ఆవిరిలో దాని పాలు హెచ్చుగా ఉంటుంది. కిణ్వనం దాటలేని హద్దును బట్టీ ఈ విధంగా దాటుతుంది. ఇప్పపువ్వు మంచి ఆహారం కూడా. కోయలు దానిని ఎండబెట్టి నిలువ చేసుకొని వండుకు తింటారు.

కలయికలోని రుచి

ఫ్రాన్సు దేశంలోని బోర్డో ప్రాంతపు ఎర్ర ద్రాక్షాసవాలు చాలావరకు ఒకే రకం ద్రాక్షతో చేసినవి కావు. కాబెర్నే సోవిన్యోఁ అనే రకం వగరునిస్తుంది. మెర్లో అనే రకం మృదుత్వాన్ని ఇస్తుంది. వాటిని వేరువేరుగా పులియబెట్టి, తరువాత రుచి చూచి తగు పాళ్ళలో కలుపుతారు. ఎర్రని రంగు, వగరు రెండును ముఖ్యంగా ద్రాక్ష తొక్కనుండి దిగేవే. నేరేడుపండుకు రంగునిచ్చే పదార్థాలు, దాని వగరుకు కారణమైన టానిన్లు కూడా ఈ కుటుంబాలకే చెందినవి. పచ్చి తునికికాయ కొరికినవారికి టానిను అంటే ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. అది ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టి విరుస్తుంది. నోటి జారుడుతనం పోయి నాలుక బిరుసెక్కుతుంది.

కల్లులో కూడా కలయిక ఉన్నది. పది చెట్లనుండి దించిన లొట్టులను చెట్టుక్రింద పెద్దకుండలో పోసినప్పుడు ఒక చెట్టు తీపి, మరొక చెట్టు ఘాటు కలిసి ఒక రుచి ఏర్పడుతుంది. ఈతకల్లు తియ్యన, తాటికల్లు ఘాటు అని పల్లెలలో అంటారు. అయితే రెండింటికిని ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ద్రాక్షాసవంలో ఆల్కహాలు నూటికి 12 పాళ్ళకు పైన ఉంటుంది. ఆమ్లం, టానిను ఎక్కువ. గాలి సోకకుండా బిరడా వేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కల్లుకు అట్టి రక్షణ ఏదీ లేదు. కనుక అక్కడ మిశ్రమాన్ని నెలలకొద్దీ ఆలోచించి కుదర్చవచ్చును. ఇక్కడ ఆ పూటకు ఆ పూటే.

తోడి తిండి

కల్లు మండువాల వద్ద ఉడికించిన శనగగుడాలు, బొబ్బరగుడాలు, కోడిగుడ్లు, కారం దట్టించిన బోటి, ఎండుచేపలు కనిపిస్తాయి. ఇవి అలవాటుగా వచ్చినవే అయినా, వీటి వెనుక కారణాలు లేకపోలేదు.

మొదటిది కారం. మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం నోటిలో వేడిని గుర్తించే ఒక నాడీగ్రాహకాన్ని మేల్కొలుపుతుంది. అది మామూలుగా 43 డిగ్రీల వేడికి మేల్కొనేది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించినవాడు డేవిడ్ జూలియస్. ఆయనకు 2021లో నోబెల్ బహుమానం లభించింది. ఆల్కహాలు సోకితే ఈ గ్రాహకం సుమారు 34 డిగ్రీలకే మేల్కొంటుందని 2002లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. శరీరపు వేడి 37 డిగ్రీలు. కావుననే సారా గొంతులో మండుతుంది; కారంతో కలిస్తే మంట ఇంకా హెచ్చుతుంది. ఆల్కహాలు తక్కువగాను, తీపి ఎక్కువగాను ఉన్న పొద్దటి కల్లు ఇందుకు భిన్నం. తీపి కారపు మంటను కొంత అణచివేస్తుంది. మిరపకారం కూరకు తీపికల్లు పొందుగా తోచడానికి మూలం ఇదే.

రెండవది క్రొవ్వు. బోటి, తలకాయ కూర వంటివి నాలుకపై జిడ్డుపొరను మిగులుస్తాయి. పులుపు లాలాజలాన్ని ఊరించి ఆ జిడ్డును కడిగివేస్తుంది. కాబట్టి కొంచెం పులిసిన మాపటి కల్లు వాటికి సరిపడుతుంది. ఎర్ర ద్రాక్షాసవాన్ని మాంసంతో తీసుకోవడం కూడా ఇట్టిదే. అక్కడ టానిను మాంసంలోని మాంసకృత్తులను, క్రొవ్వును పట్టుకోవడంవలన వగరు తగ్గి రుచి కుదురుతుంది. కల్లులో వగరు స్వల్పం. ఆ పనిని పులుపే చేస్తుంది. చింతపండు పులుసుతో జిడ్డుకూర తినడంలోని సూత్రం దీనికి వేరు కాదు.

మూడవది ఉప్పు. ఎండుచేపలోని ఉప్పు చేదును అణచి, తీపిని పైకి తేల్చుతుంది. అయితే ఉప్పు దాహాన్ని కూడా పెంచుతుంది. త్రాగేవాడు ఇంకా త్రాగుతాడు. అమ్మేవానికి అది లాభమే.

నాలుగవది గుడాల సంగతి. ఆల్కహాలు ఎక్కువగా రక్తంలో కలిసేది చిన్నప్రేవులలో. మాంసకృత్తులు, పీచు, క్రొవ్వు గల తిండి కడుపులో ఉంటే కల్లు ప్రేవులకు నిదానంగా చేరుతుంది. మత్తు మెల్లగా ఎక్కుతుంది. అంతేగాని తిండి ఆల్కహాలును విరిచివేయదు.

కల్లులో ఈస్టువలన కొన్ని బి విటమినులు చేరుతాయన్నది నిజమే. దానిని పట్టుకొని కల్లు ఔషధమని చెప్పడం సరి కాదు. ఆల్కహాలు పానీయాలు మానవులలో కాన్సరు కలిగించే వాటిలో చేరినవని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించింది. తెలంగాణలో 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మడం నేరం.

నిలువ ఉండని పానీయం

పైన చెప్పినదంతా ఒక్క విషయాన్ని స్పష్టం చేస్తున్నది. నిజమైన కల్లు గంటగంటకు మారుతుంది. అది ఏ చెట్టుదో, ఏ పూటదో, ఏ ఋతువుదో దాని రుచే చెబుతుంది. తాళ్ళు, ఈదులు ఉన్న ఊరిలో, దించిన పూటనే అది వినియోగం కావాలి. చెట్లు లేని పట్టణంలో ఏడాది పొడవునా ఒకే రుచితో, ఒకే మత్తుతో, కావలసినంత దొరికే ద్రవం ఎక్కడనుండి వచ్చిందని ప్రశ్నించడం న్యాయం.

కల్తీ ఇక్కడే ప్రవేశిస్తుంది. నీరు పోసి పలుచన చేసిన కల్లులో తీపికి శాకరిను, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, అల్ప్రజోలాం వంటి మందులు కలుపుతారు. క్లోరల్ హైడ్రేటును లీబిగ్ అనే జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు 1832లో తయారుచేశాడు. 1869నుండి అది నిద్రమందుగా వాడుకలోనికి వచ్చింది. ఇవన్నీ వైద్యుని సలహామీద కొలతగా ఇవ్వవలసిన మందులు. ఆల్కహాలుతో కలిసినప్పుడు శ్వాసను నడిపే నాడీకేంద్రాన్ని ఇవి అణచివేయగలవు. రోజూ త్రాగేవాని మెదడు వాటికి అలవాటుపడుతుంది. హఠాత్తుగా అవి దొరకకపోతే వణుకు, భ్రాంతులు, మూర్ఛలు వస్తాయి.

2015 సెప్టెంబరులో కల్తీమీద దాడులు జరిగినప్పుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో అనేకులు ఇట్టి లక్షణాలతో ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు త్రాగి కొందరు మరణించారు.

పైన చేసిన లెక్క ఇక్కడ ఉపయోగపడుతుంది. చెట్టురసంలోని చక్కెర నూటికి 4 నుండి 6 పాళ్ళ ఆల్కహాలునే ఇవ్వగలదు. ఒకటి రెండు ముంతలతోనే మనిషి స్పృహ తప్పుతున్నాడంటే, అది చక్కెరనుండి పుట్టిన మత్తు కాదని అనుమానించాలి. అయితే రుచిచూచి, వాసనచూచి మందులను గుర్తించడం సాధ్యం కాదు. వాటిని తేల్చగలది ప్రయోగశాల మాత్రమే. అట్టి అనుమానం కలిగినప్పుడు రోగిని వెంటనే ఆస్పత్రికి చేర్చి, త్రాగిన సంగతిని దాచక వైద్యునికి చెప్పాలి. అలవాటుపడినవాడు మానదలచినా వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి.

కల్తీవలన నష్టపడేవారిలో నిజాయితీగా చెట్టెక్కే గీత కార్మికుడు కూడా ఉన్నాడు. జనగామ జిల్లాలోని ఖిలాషాపూరు కోట ఆధారంగా మొగలుల అధికారాన్ని ఎదిరించి, 1708లో వరంగల్లు కోటను ముట్టడించిన సర్వాయి పాపన్న ఈ వృత్తివారి కుటుంబంలో పుట్టినవాడే. ఈనాటికీ మోకు, ముస్తాదుల ఆధారంతో తాడెక్కడం ప్రాణాపాయమైన పని. పడినా పట్టి నిలిపే రక్షణ సామగ్రిని 'కాటమయ్య రక్షణ కవచం' అనే పేరుతో రాష్ట్ర ప్రభుత్వం 2024లో పంపిణీ చేయడం ప్రారంభించింది. అంత శ్రమతో దించిన నాలుగు లొట్ల కల్లు, తొట్టిలో మందుపొడి కలిపిన నీటితో ధరలో పోటీ పడలేదు.

బడిలో చేయదగిన ప్రయోగం

కిణ్వనాన్ని చూడడానికి కల్లు అవసరం లేదు. మూడు సీసాలలో 100 మిల్లీలీటర్ల చొప్పున నీరు పోసి, ఒక్కొక్కదానిలో 10 గ్రాముల బెల్లం కరిగించాలి. రెండింటిలో అరచెంచా రొట్టెల ఈస్టు వేయాలి, మూడవదానిలో వేయరాదు. మూడింటి మూతులకును బుడగలు తొడిగి, ఈస్టు వేసిన ఒక సీసాను గోరువెచ్చని నీటిలోను, రెండవదానిని చల్లని నీటిలోను ఉంచాలి. గంటలో ఏ బుడగ ఎంత ఉబ్బిందో కొలచి వ్రాసుకోవాలి. ఉబ్బిన బుడగలోని వాయువును గొట్టం ద్వారా సున్నపుతేటలోనికి పంపితే అది పాలవలె తెల్లబడుతుంది. కార్బన్ డయాక్సైడుకు ఇది గుర్తు. ఈస్టు లేని సీసాలో మార్పు లేకపోవడాన్ని విద్యార్థులచేతనే వివరింపజేయాలి. ప్రయోగం ముగిసిన తరువాత ద్రావణాలను పారబోయాలి, రుచి చూడరాదు.

మందార పూలను వేడినీటిలో నానబెట్టిన రసాన్ని చింతపులుసులోను, సున్నపుతేటలోను కొన్ని చుక్కలు వేసి చూస్తే మొదటిదానిలో ఎర్రగాను, రెండవదానిలో ఆకుపచ్చగాను మారుతుంది. లొట్టికి సున్నం ఎందుకు పూస్తారో చెప్పడానికి ఇంతకంటె సులభమైన మార్గం లేదు.

ఊరి చెరువుకట్టమీది తాటిచెట్టు ఇన్ని శాస్త్ర పాఠాలకు చాలినది. తాడు పూతకు రావడానికి పన్నెండు ఏండ్లకు పైగా పడుతుంది. ఒకసారి పూత పట్టినది పలు తరాలకు రసం, ముంజెలు, మట్టలు ఇస్తుంది. పాఠశాల ఆవరణలలో, చెరువుకట్టలమీద తాటిటెంకలు నాటి పెంచడం నేటి విద్యార్థులు చేయగల పని. దాని ఫలం వారి పిల్లలకు దక్కుతుంది.